ఇన్సులిన్‌ బెస్ట్‌... కాలేయం వైపు ఎందుకు మళ్లారు?

మీ ఇంట్లో ఎవరో ఒకరికి షుగరు ఉండే ఉంటుంది. వాళ్ల రిపోర్టుల ఫైలు ఒకసారి తెరిచి చూడండి. పరగడుపు షుగరు, తిన్నాక షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ వరసగా ఉంటాయి. ఎప్పుడో కడుపునొప్పికి తీయించిన అల్ట్రాసౌండ్‌ కాగితం అడుగున ఎక్కడో పడి ఉంటుంది. దాని చివరి వరసలో ఫ్యాటీ లివర్‌ గ్రేడ్‌ 1 అనో, గ్రేడ్‌ 2 అనో రాసి ఉంటే ఆశ్చర్యం లేదు. ఈ రోజుల్లో ఎవరికి లేదులే అని దాన్ని పక్కన పెట్టేసి ఉంటారు. దాచడం ఎందుకు, మా డాక్టర్లలోనూ చాలామందిమి ఏళ్ల తరబడి అలాగే పక్కన పెట్టేశాం.

షుగరు అదుపులో ఉన్నా కాలేయం కొవ్వెక్కి పాడవ్వచ్చన్న సంగతి కొత్తదేమీ కాదు. వందేళ్ల కిందట కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో కుక్కల్లో అది కళ్లకు కట్టింది. ఆ చిక్కుముడి విప్పడంలో ముఖ్యుడి పేరు మీరు బడిపుస్తకాల్లో చదివే ఉంటారు. ఆయన ఛార్లెస్‌ బెస్ట్‌. బాంటింగ్‌తో కలిసి ఇన్సులిన్‌ను వెలికి తీసిన కుర్రవాడు. అందరికీ తెలిసిన కథ అంతవరకే. ఆ తర్వాత ఆయన ఇంకా 50 ఏళ్లకు పైగా బతికారు. ఆ కాలంలో చాలా భాగం కాలేయంలో కొవ్వు గురించే పనిచేశారు. షుగరు ఉన్నవాళ్లు తెలుసుకోవలసింది ఆ రెండో కథ.

బెస్ట్‌ 1899 ఫిబ్రవరి 27న అమెరికాలోని మెయిన్‌ రాష్ట్రంలో వెస్ట్‌ పెంబ్రోక్‌ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తల్లిదండ్రులు కెనడా వాళ్లు. తండ్రి పల్లె వైద్యుడు. నర్సుగా పనిచేసిన మేనత్త ఒకామె మధుమేహంతో చనిపోయారు. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. తిండి తగ్గించి, పస్తులుంచి, ప్రాణాన్ని కొన్ని నెలలు ముందుకు నెట్టడమే వైద్యం. బెస్ట్‌ మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి, తిరిగొచ్చి, టొరంటోలో శరీరధర్మశాస్త్రం, జీవరసాయనశాస్త్రం చదివారు.

1921 మేలో ఆ డిగ్రీ చేతికొచ్చే వేళకు ఫ్రెడరిక్‌ బాంటింగ్‌ అనే సర్జన్‌ ఓ ఆలోచనతో ప్రొఫెసర్‌ మెక్లాయిడ్‌ దగ్గరకు వచ్చి ఉన్నారు. క్లోమగ్రంథి నుంచి చక్కెరను తగ్గించే పదార్థాన్ని తీయాలన్నది ఆయన పట్టుదల. రక్తంలో చక్కెర కొలవడం వచ్చిన సహాయకుడు కావాలి. మెక్లాయిడ్‌ దగ్గర ఇద్దరు విద్యార్థులున్నారు, బెస్ట్‌, నోబుల్‌ అని. ముందు ఎవరు చేరాలన్నది నాణెం ఎగరేసి తేల్చుకున్నారని చెబుతారు. బెస్ట్‌ గెలిచారు. మే 17న పని మొదలైంది. బాంటింగ్‌కు 29 ఏళ్లు, బెస్ట్‌కు 22.

ఆ వేసవి కథ మీకు తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. క్లోమం తీసేసిన కుక్కలు, ఎండాకాలపు ఉక్కలో పైఅంతస్తు గది, రోజుల తరబడి రక్తపరీక్షలు. మార్జరీ అనే కుక్కను క్లోమం లేకుండానే సుమారు 70 రోజులు బతికించగలిగారు. 1922 జనవరి 11న లియొనార్డ్‌ థాంప్సన్‌ అనే 14 ఏళ్ల అబ్బాయికి తొలి ఇంజెక్షన్‌ ఇచ్చారు. అది సరిగా పనిచేయలేదు, సూది గుచ్చిన చోట చీముగడ్డ కట్టింది. జేమ్స్‌ కాలిప్‌ అనే జీవరసాయన శాస్త్రవేత్త శుద్ధి చేసిన మందును జనవరి 23 నుంచి ఇచ్చారు. అబ్బాయి తేరుకున్నాడు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు తయారీ చేయి దాటిపోయింది. ఎంత ప్రయత్నించినా మందు సరిగా రాలేదు. తిరిగి గాడిన పెట్టినవారిలో బెస్ట్‌ ఒకరు. 23 ఏళ్లకే టొరంటోలోని కానాట్‌ ప్రయోగశాలలో ఇన్సులిన్‌ తయారీ బాధ్యత ఆయన భుజాన పడింది. ఇన్సులిన్‌ పేటెంటును బాంటింగ్‌, బెస్ట్‌, కాలిప్‌ తలా ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు.

1923 నోబెల్‌ బహుమతి మాత్రం బాంటింగ్‌కూ మెక్లాయిడ్‌కూ వచ్చింది. బెస్ట్‌ పేరు లేదు. బాంటింగ్‌ మండిపడి తన వాటా సొమ్ములో సగం బెస్ట్‌కు ఇచ్చారు. మెక్లాయిడ్‌ తన వాటాలో సగం కాలిప్‌కు ఇచ్చారు. డబ్బు పంచారు గానీ ఆ లోటు తీరలేదు. తర్వాతి కాలంలో బెస్ట్‌ ఇన్సులిన్‌ చరిత్ర చెప్పిన ప్రతిసారీ తన పాత్రను పెద్దది చేసుకుంటూ, కాలిప్‌ పాత్రను చిన్నది చేస్తూ పోయారు. చరిత్రకారులు దాన్ని తప్పుపట్టారు, వాళ్లన్నది న్యాయమే. మనిషి గొప్పవాడైనంత మాత్రాన మనసులో ముల్లు ఉండకూడదని లేదు. నాకైతే ఆయన అంతగా పాకులాడనవసరం లేదనిపిస్తుంది. ఇన్సులిన్‌ను పక్కన పెట్టినా ఆయన తర్వాత చేసిన పని చిన్నదేం కాదు.

ఇక కుక్కల దగ్గరకు వద్దాం. ఇన్సులిన్‌ చేతికొచ్చాక మెక్లాయిడ్‌ బృందం ఒక ప్రశ్న వేసుకుంది. క్లోమం పూర్తిగా తీసేసిన కుక్కను ఇన్సులిన్‌తో ఎంతకాలం బతికించవచ్చు? రోజూ ఇన్సులిన్‌ ఇచ్చారు. కొవ్వు లేని మాంసం, చక్కెర పెట్టారు. మధుమేహానికి మందు అందుతూనే ఉంది. అయినా కొన్ని నెలలు గడిచేసరికి కుక్కలు నీరసించి చనిపోవడం మొదలుపెట్టాయి. కోసి చూస్తే కాలేయం ఉబ్బిపోయి, పసుపు రంగుకు తిరిగి, కొవ్వుతో నిండి ఉంది. 1924లో ఈ సంగతి ప్రచురించారు. ఆహారంలో పచ్చి క్లోమం ముక్కలు కలిపి పెట్టిన కుక్కలకు మాత్రం కాలేయం బాగానే ఉంది. అంటే ఇన్సులిన్‌ కాక ఇంకేదో లోపం ఉంది.

ఈ లోగా బెస్ట్‌ ఎండీ పూర్తిచేసి, లండన్‌ వెళ్లి హెన్రీ డేల్‌ దగ్గర చేరారు. కాలేయం, ఊపిరితిత్తుల నుంచి హిస్టమిన్‌ను వేరుచేసిన బృందంలో పనిచేశారు. మెక్లాయిడ్‌ స్కాట్లాండ్‌కు తిరిగి వెళ్లిపోవడంతో 1929లో ఆయన కుర్చీలోకే టొరంటోలో ప్రొఫెసర్‌గా వచ్చారు. అప్పటికి 30 ఏళ్లు. గురువుగారు విడమరచకుండా వదిలేసిన కుక్కల సమస్య కూడా కుర్చీతో పాటే వచ్చిందనుకోండి.

హెర్షీ అనే పరిశోధకుడు పచ్చి క్లోమానికి బదులు లెసిథిన్‌ ఇచ్చి చూశారు. గుడ్డుసొనలో ఎక్కువగా ఉండే కొవ్వుజాతి పదార్థం అది. కుక్కల కాలేయం కుదుటపడింది. లెసిథిన్‌లో చాలా భాగాలుంటాయి, వాటిలో ఏది పనిచేస్తోంది? బెస్ట్‌, ఆయన సహాయకురాలు ఎలినోర్‌ హంట్స్‌మన్‌ ఎలుకల మీద ఒక్కొక్కటీ పరీక్షించారు. 1932లో జవాబు దొరికింది. అది కోలీన్‌. ఇలా కాలేయం నుంచి కొవ్వును కదిలించే పదార్థాలకు వాళ్లే లిపోట్రోపిక్‌ అనే పేరు పెట్టారు.

ఇది ఎలా పనిచేస్తుందో రైస్‌ మిల్లుతో పోల్చి చెబుతాను. మిల్లులో బియ్యం రోజూ తయారవుతూనే ఉంటాయి. గోనె సంచుల్లో నింపి లారీకెత్తితేనే బయటకు పోతాయి. సంచులు అయిపోతే బియ్యం మిల్లులోనే గుట్టలు పడతాయి. కాలేయమూ అంతే. కొవ్వును ఊరికే రక్తంలోకి వదలదు. ప్రోటీన్‌తో, లెసిథిన్‌ లాంటి పదార్థాలతో పొట్లం కట్టి పంపుతుంది. ఆ పొట్లానికి కోలీన్‌ కావాలి. క్లోమం లేని కుక్కలకు ఇన్సులిన్‌ మాత్రమే బయటి నుంచి అందుతోంది. క్లోమం చేసే రెండో పని, అంటే జీర్ణరసాలు ఊరడం, వాటికి లేదు. తిన్న మాంసం సరిగా అరగదు. అందులోని మెథియోనిన్‌ ఒంటికి పట్టదు. దానితో తయారుచేసుకోవలసిన కోలీన్‌ తగ్గిపోతుంది. సంచులు లేక సరుకు లోపలే నిలిచిపోయింది.

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. ఈ మాట సగం విని చాలామంది పొరపాటు పడ్డారు, మందుల కంపెనీలు కూడా. కోలీన్‌ కొవ్వును కదిలిస్తుందంటే కోలీన్‌ సీసాలు తాగితే చాలుననుకున్నారు. మన మందుల షాపుల్లో లివర్‌ టానిక్‌ పేరుతో అమ్మే సిరప్‌ల వెనకవైపు చీటీ చదవండి, కొన్నింట్లో కోలీన్‌ కనిపిస్తుంది. దానికి మూలం ఆనాటి టొరంటో ఎలుకలే. కానీ ఇవాళ మీ ఇంట్లో షుగరు ఉన్న మనిషి కాలేయంలో కొవ్వు చేరింది సంచులు లేక కాదు. అక్కడ ధాన్యం మరీ ఎక్కువ వచ్చి పడుతోంది.

టైప్‌ 2 మధుమేహంలో ఒంట్లో ఇన్సులిన్‌ ఉంటుంది, కానీ కణాలు దాని మాట వినవు. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు కణాలు కొవ్వును పట్టి ఉంచకుండా రక్తంలోకి వదిలేస్తుంటాయి. అది నేరుగా కాలేయానికి చేరుతుంది. దానికి తోడు మనం మూడు పూటలా తినే అన్నం, ఇడ్లీ, స్వీటు, కూల్‌డ్రింకుల్లోంచి వచ్చిన అదనపు చక్కెరను కాలేయమే కొవ్వుగా మారుస్తుంది. ఎన్ని లారీలున్నా మిల్లు నిండిపోతుంది. అలా కొవ్వెక్కిన కాలేయం తిరిగి రాత్రంతా రక్తంలోకి చక్కెర వదులుతూ ఉంటుంది. తెల్లవారి పరగడుపు షుగరు ఎక్కువ రావడానికి ఇదో ముఖ్య కారణం. షుగరు వల్ల కాలేయమూ, కాలేయం వల్ల షుగరూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ కుక్కలు ఇన్సులిన్‌ తీసుకుంటూ చనిపోయాయని చదివి, ఇన్సులిన్‌ వల్లే కాలేయం పాడైందేమోనని మీ ఇంట్లో ఎవరూ ఇంజెక్షన్‌ మానకూడదు. వాటిని బతికించింది ఇన్సులినే. లోపం వేరే చోట ఉంది.

బెస్ట్‌ పనిలో మన ఇళ్లకు నేరుగా తగిలే ప్రయోగం ఒకటుంది. 1949లో ఆయన, హార్ట్‌రాఫ్ట్‌, లూకాస్‌, రిడౌట్‌ అనే సహచరులతో కలిసి బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో ప్రచురించారు. కొన్ని ఎలుకలకు తాగే నీళ్లలో ఆల్కహాలు కలిపారు. మరికొన్నింటికి అదే లెక్క కేలరీలు వచ్చేలా చక్కెర ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ కాలేయంలో కొవ్వు చేరింది, నారలాంటి మచ్చలు మొదలయ్యాయి. కోలీన్‌ తగినంత కలిపిన ఎలుకల్లో ఆ నష్టం జరగలేదు. దీన్నిబట్టి ఆల్కహాలు స్వయంగా కాలేయానికి విషం కాదు, పోషకాల లోపమే అసలు దోషి అని ఆ బృందం భావించింది. అది తప్పు. తిండి సరిగ్గా ఉన్నా ఆల్కహాలు కాలేయాన్ని దెబ్బతీస్తుందని 1960ల్లో ఛార్లెస్‌ లీబర్‌ పరిశోధనలు చూపించాయి. బెస్ట్‌ పేరు చెప్పి మందు తాగేవాళ్లకు సాకు దొరక్కూడదు కాబట్టి ఇది స్పష్టంగా రాస్తున్నాను.

కానీ ఆ ప్రయోగంలోని రెండో సగాన్ని లోకం పట్టించుకోలేదు. చుక్క ఆల్కహాలు ముట్టని ఎలుక కాలేయం కూడా చక్కెరతో అలాగే కొవ్వెక్కి మచ్చపడింది. ఎలుకకు జరిగిందంతా మనిషికి జరుగుతుందని కాదు. అయినా లివర్‌ జబ్బంటే తాగుబోతుల జబ్బన్న నమ్మకం మన దగ్గర ఎంత నష్టం చేస్తోందో వార్డులో నిలబడితే తెలుస్తుంది. పదిహేనేళ్లుగా షుగరు ఉన్న గృహిణి పొట్ట నీరు పట్టి వస్తుంది. సిర్రోసిస్‌ అని చెబితే ఇంట్లోవాళ్లు ముందు నమ్మరు, తర్వాత సిగ్గుపడతారు, బంధువులకు వేరే జబ్బు పేరు చెబుతారు. ఆమె ఎప్పుడూ షుగరు మాత్రలు మానలేదు. పరీక్షలు కూడా తప్పలేదు. కాలేయాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

బెస్ట్‌ జీవితంలో మిగిలిన సంగతులు క్లుప్తంగా చెబుతాను. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్‌ను శుద్ధిచేసి రోగులకు ఇచ్చే స్థాయికి తెచ్చిన టొరంటో బృందాన్ని నడిపించింది ఆయనే. డయాలసిస్‌కు, గుండె ఆపరేషన్‌కు ఇవాళ్టికీ అది లేనిదే పని జరగదు. 1941లో బాంటింగ్‌ విమాన ప్రమాదంలో పోయాక, వారిద్దరి పేరు మీదున్న పరిశోధన విభాగానికి ఆయనే అధిపతి అయ్యారు. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కోసం రక్తపు సీరమ్‌ను పొడిగా ఎండబెట్టి పంపే కెనడా పథకానికి ఆద్యుడు ఆయనే. తర్వాతి ఏళ్లలో డిప్రెషన్‌తో చాలా బాధపడ్డారు. 1924లో పెళ్లాడిన మార్గరెట్‌ చివరిదాకా తోడున్నారు. 1978 మార్చిలో పెద్దకొడుకు మరణించాడు. ఆ వార్త విన్న కొద్ది రోజులకే, మార్చి 31న, బెస్ట్‌ టొరంటోలో కన్నుమూశారు. 79 ఏళ్లు.

ఆయన పోయిన రెండేళ్లకు, 1980లో, అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్‌ అనే పాథాలజిస్టు 20 మంది రోగుల కాలేయపు ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి ఒక వింత గమనించారు. అవి తాగుబోతుల కాలేయాల్లా ఉన్నాయి. ఆ మనుషులు తాగరు. ఎక్కువమంది లావుగా ఉన్నవాళ్లు, కొందరికి షుగరు ఉంది. దానికి నాష్‌ అని పేరు పెట్టారు. ఎలుకల్లో 1949లో కనిపించిన పోలికను మనుషుల్లో గుర్తించి పేరు పెట్టడానికి 31 ఏళ్లు పట్టింది. 2023లో ఈ జబ్బుల కుటుంబానికి మాస్ల్‌డ్‌ అని కొత్త పేరు వచ్చింది. తాగుడుతో పోల్చి చెప్పడం మానేసి, షుగరు, బరువు, బీపీ, కొవ్వులతో ముడిపెట్టిన పేరు అది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2021లో ఫ్యాటీ లివర్‌ను మధుమేహం, గుండెజబ్బు, క్యాన్సర్ల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

ఇప్పుడు ఆ ఫైలు మళ్లీ చేతిలోకి తీసుకోండి. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్‌ చూసి కంగారు పడనవసరం లేదు, నిశ్చింతగా ఉండనూ కూడదు. గ్రేడు కొవ్వు ఎంతుందో చెబుతుంది. ప్రమాదం కొవ్వులో కంటే మచ్చలో ఉంది. కాలేయం గట్టిపడుతోందా లేదా అన్నది అసలు ప్రశ్న. ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉందని కూడా ధీమా పడకండి, మచ్చపడ్డ కాలేయంలోనూ అది నార్మల్‌గా రావచ్చు.

దీనికి ఖర్చులేని లెక్క ఒకటుంది, ఫిబ్‌-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతో (వేలల్లో), ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగించాలి. ఉదాహరణకు వయసు 55, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 52, ప్లేట్‌లెట్లు 1 లక్షా 80 వేలు అనుకుందాం. పైన 2640 వస్తుంది. కింద 180ని 7.2తో గుణిస్తే సుమారు 1296. ఫలితం 2 దాటింది. 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 65 ఏళ్లు దాటినవాళ్లకు ఆ హద్దు 2. హద్దు దాటితే ఫైబ్రోస్కాన్‌ చేయించాలి. 2.67 దాటితే లివర్‌ డాక్టర్‌ను కలవాలి. పైన చెప్పిన 55 ఏళ్ల మనిషికి రెండు ఎంజైములూ కాస్త మాత్రమే పెరిగాయి. అయినా ఆయనకు ఫైబ్రోస్కాన్‌ అవసరం.

చికిత్స విషయానికొస్తే టానిక్‌ సీసాల కంటే తూకం యంత్రం నమ్మదగింది. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు, కొందరిలో మచ్చ కూడా వెనక్కి వెళతాయి. 80 కిలోల మనిషికి అది 5.6 నుంచి 8 కిలోలు. ఆరు నెలల నుంచి ఏడాదిలో, నెమ్మదిగా. ముందు తీపి డ్రింకులు, పండ్లరసాలు మానండి. అన్నం ముద్ద తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి. గుడ్డుసొనలో బెస్ట్‌గారి కోలీన్‌ పుష్కలంగా ఉంటుంది, సీసాలో కొననవసరం లేదు. షుగరు మందుల్లో పయోగ్లిటజోన్‌, సెమాగ్లుటైడ్‌ లాంటివి కాలేయానికి కూడా మేలు చేస్తాయి. ఎవరికి ఏది సరిపోతుందో మీ డాక్టరు చెప్పాలి, పక్కింటాయన చెప్పకూడదు. గుండె కోసం వేసుకునే స్టాటిన్‌ మాత్రలను ఫ్యాటీ లివర్‌ ఉందన్న భయంతో మానేయకండి.

ఫిబ్‌-4 ఇప్పుడు 1.3 లోపు వచ్చినా షుగరు ఉన్నవాళ్లు ఏడాదికో, రెండేళ్లకో మళ్లీ లెక్క వేయించుకోవాలి. ఆ అంకెను ఫైలు మొదటి పేజీలో, హెచ్‌బీఏ1సీ పక్కనే రాసిపెట్టండి. ఈసారి వచ్చినప్పుడు మేం అడగడం మర్చిపోయినా మీరు చూపించవచ్చు.